గడచిన ధరలతో బేరసాధన

(ఆండర్సన్‌పేట మన సంఘ మందిరమున జరిగిన సమావేశములో చేసిన ప్రసంగము)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడుమని కోరిన విషయము సగము క్రొత్తది, సగము మన తాతలనాటిది. కంప్యూటరులోను సెల్‌ఫోనులోను షేరు బజారు ధరలను తిరిగి నడిపించి, చేతిసొమ్ము పెట్టకుండ కొనుట అమ్ముట అభ్యసించెడి సాఫ్ట్‌వేరులు వచ్చినవి. దీనిని రీప్లే అనుచున్నారు. మన పిల్లలలో పలువురు దీనిని వాడుచున్నారు. కొందరు తాము నేర్చుకొంటిమనియు, ఇక సొమ్ము పెట్టవచ్చుననియు ఇంటిలో చెప్పుచున్నారు. తలిదండ్రులు మా అంగడికి వచ్చి, “అన్నా, మావాడు కంప్యూటర్లో రోజూ గెలుస్తున్నాడట. నమ్మవచ్చునా?” అని అడుగుచున్నారు. గల్లాపెట్టె దగ్గర నిలుచుండి రెండు మాటలలో చెప్పదగిన జవాబు కాదు గనుక ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని.

మొదట ఆ సాధనము ఎట్టిదో తెలియనివారికి చెప్పవలెను. షేరు బజారు ఉదయము 9.15 గంటలకు తెరచి మధ్యాహ్నము 3.30కు మూయుదురు. ఆ కాలములో ప్రతి నిమిషమునకు ధర ఎంత పెరిగెను, ఎంత తగ్గెను అను లెక్క నిలువ యుండును. రీప్లేలో మనము ఏదో ఒక పాత దినమును ఎన్నుకొందుము. అప్పటి ధరల గీతలు ఒక్కొక్కటిగా తెరమీద వచ్చును. తరువాత రాబోవునది కనబడదు. మనము కొనవచ్చును, అమ్మవచ్చును, ఊరకుండవచ్చును. వేగము పెంచిన యెడల ఆరుంబావు గంటల బజారు అరగంటలో ముగియును. ట్రేడింగ్‌వ్యూ అనుదానిలో బార్ రీప్లే అనియు, నింజాట్రేడర్ అనుదానిలో మార్కెట్ రీప్లే అనియు ఈ సదుపాయము కలదు. ఇట్టివి ఇంకను పెక్కు కలవు. పేర్లు ముఖ్యము కాదు, పని ఒక్కటే.

ఈ విషయము మన ఊరిలో సంఘ సమావేశమునకు తగినదా యని ఒక పెద్దమనిషి నన్ను అడిగిరి. తగినదే. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడినప్పటినుండి మన పిల్లల బ్రతుకుతెరువు బెంగళూరు రైలుమీద నడచుచున్నది. మారికుప్పము నుండి తెల్లవారుజామున బయలుదేరి, రాత్రికి ఇల్లు చేరెడివారు వేలమంది. ఆ రైలులో కూర్చుండి ఫోనులో ఆప్షన్ల ధరలు చూచుచున్న కుర్రవాండ్రను నేను కండ్లార చూచుచున్నాను. సెబీవారు 2024 సెప్టెంబరులో ఒక లెక్క ప్రకటించిరి. 2021-22 మొదలు 2023-24 వరకు మూడు సంవత్సరములలో ఫ్యూచర్లు, ఆప్షన్లు బేరము చేసిన వ్యక్తులు 1 కోటికి పైబడిరి; వారిలో 93 శాతము నష్టపోయిరి; అందరి నష్టము కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటెను. ఆ లెక్కలో నన్ను ఆపినది మరియొక సంగతి. బేరము చేసినవారిలో 72 శాతమునకు మించినవారు దేశములోని మొదటి 30 పెద్ద నగరముల వెలుపలివారు. 2023-24లో 30 ఏండ్ల లోపువారు నూటికి 43 మంది. నాలుగింట మూడువంతులకు పైగా వార్షికాదాయము 5 లక్షల లోపని చెప్పుకొనినవారు. ఇది ముంబయి కోటీశ్వరుల వర్ణన కాదు. మన వీధి వర్ణన. తరువాతి సంవత్సరము, అనగా 2024-25లో కూడ నూటికి 91 మంది నష్టపోయిరని, నష్టము 1,05,603 కోట్లని సెబీవారే 2025 జూలైలో చెప్పిరి.

కనుక రీప్లేతో అభ్యసించుట మంచిదా చెడ్డదా యన్నచో, అభ్యసింపక దిగుటకంటె అభ్యసించి దిగుట మేలు అని మాత్రము ఎవరైన చెప్పుదురు. నేను అడుగునది వేరు. ఆ అభ్యాసము దేనిని నేర్పును, దేనిని నేర్పదు? ఈ రెండును కలగాపులగము చేసికొనినందువలననే ఇండ్లలో నగలు కుదువకు పోవుచున్నవి.

నేర్పెడి సంగతి ముందు చెప్పెదను. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అనునతడు నేలమీదనే కూర్చుండి విమానము నడుపుట నేర్చెడి యంత్రమును చేసెను. ఆర్గన్ వాద్యములు చేసెడి కుటుంబములో పుట్టినవాడు; ఆ వాద్యములలోని గాలితిత్తులనే దానికి అమర్చెను. మొదట జనులు దానిని సంతలోని ఆటబొమ్మగా చూచిరి. 1934లో అమెరికా సైన్యము తపాలాను విమానములలో మోయబూని, మంచులోను వానలోను పలువురు వైమానికులను పోగొట్టుకొనిన పిదప ఆ యంత్రములను కొనెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమునకు వేలాది వైమానికులు దానిలో కూర్చుండి నేర్చిరి. ప్రాణము పోకుండ పొరపాటు చేయుటకు చోటు దొరకుటయే దానిలోని గొప్ప.

రీప్లేలో కూడ ఆ గొప్ప కలదు. 2024 జూన్ 4 ఎన్నికల ఫలితముల దినము. ముందటి దినము 3 శాతమునకు పైగా ఎగసిన నిఫ్టీ, ఆ దినము సుమారు 6 శాతము పడెను. అట్టి దినము ఒక వర్తకుని జీవితములో ఏ నాలుగైదుసార్లో వచ్చును. రీప్లేలో ఆ దినమును ఈ వారమే పదిసార్లు నడువవచ్చును. ధర తనకు ఎదురు తిరిగినప్పుడు మొదట నిర్ణయించుకొనిన చోట బయటికి వచ్చుట, పోయిన సొమ్మును వెంటనే రాబట్టవలెనని రెట్టింపు కొనకుండుట, ఏమియు తోచనప్పుడు చేతులు కట్టుకొని కూర్చుండుట — ఇవి చదివి వచ్చునవి కావు. మరల మరల చేసినగాని అలవడవు. మన అంగళ్లలో క్రొత్త గుమాస్తాను ఆరునెలలు తూకము దగ్గర నిలువబెట్టి, ఆ పిమ్మటనే గల్లా దగ్గరకు రానిచ్చెడివారు. ఇదియు అట్టిదే.

కాని ఆ గుమాస్తాకు చిట్టా వ్రాయుట కూడ నేర్పెడివారు. నేటి పిల్లలు రీప్లే ఆడుచున్నారు. చిట్టా వ్రాయుట లేదు. నా మాట వినదలచినవారు 200 పుటల నోటుపుస్తకమొకటి కొనుడు. మీట నొక్కకముందే వ్రాయవలెను: ఎందుకు కొనుచున్నాను, ఎంత కొనుచున్నాను, ఏ ధరకు తప్పు అని ఒప్పుకొని బయటికి వచ్చెదను. తరువాత ఫలితము. దాని ప్రక్కన ఖర్చు. ఆ ప్రక్కన, నేను వ్రాసికొనినట్లే చేసితినా లేదా అను ఒక్క మాట. నెల చివర ఈ కడపటి వరుస చదివిన యెడల తన స్వభావము తనకే కనబడును. నేను ఇట్టి నోటుపుస్తకములు కొన్ని చూచితిని. లాభము వచ్చిన బేరములలో సగము, వ్రాసికొనినదానిని తప్పి చేసినవే. అది నేర్పు కాదు, అదృష్టము. అదృష్టమునకు జీతము రాదు.

ఖర్చు అంటిని గదా. ఎస్.ఎస్.ఎల్.సి. కూడికలు తీసివేతలు దీనికి చాలును. ఒకడు రీప్లేలో 100 బేరములు చేసెననుకొనుడు. 50 గెలిచెను, 50 ఓడెను. గెలిచినప్పుడు సగటున 600 రూపాయలు వచ్చెను. ఓడినప్పుడు సగటున 500 పోయెను. తెర మీద 5,000 లాభము కనబడును. ఇంటికి వచ్చి అమ్మతో చెప్పును. కాని ఒక్కొక్క బేరమునకు కొన్నప్పుడు దలాలీ, అమ్మినప్పుడు దలాలీ, ఎస్.టి.టి., జి.ఎస్.టి., స్టాంపు, ఎక్స్ఛేంజి రుసుము అన్నియు కలిపి 60 రూపాయలు పడెననుకొనుడు. నూరు బేరములకు 6,000. కనుక వాడు గెలిచినది 5,000 కాదు, పోగొట్టుకొనినది 1,000. పెక్కు రీప్లేలలో ఈ ఖర్చు మనమే చెప్పినగాని లెక్కలోనికి రాదు. రేట్లు కూడ మారుచుండును. 2024 అక్టోబరు 1 నుండి ఆప్షన్ల అమ్మకముపై ఎస్.టి.టి. 0.0625 శాతము నుండి 0.1 శాతమునకు హెచ్చినది. కనుక నా 60 రూపాయలను నమ్మవద్దు. మీకు తెలిసినవారి కాంట్రాక్టు నోటు ఒకటి తీసికొని, అందులోని రుసుములను వరుసగా కూడి, ఆ మొత్తమును నోటుపుస్తకములో వేసికొనుడు. సెబీవారి 2024 లెక్కలోనే వ్యక్తులు మూడేండ్లలో ఇట్టి ఖర్చులకే సుమారు 50,000 కోట్లు చెల్లించిరని యున్నది.

ఇక రీప్లే నేర్పని సంగతులు. ఇచ్చట కొంచెము నిదానించెదను.

మొదటిది, జరిగినది మనకు తెలిసియుండుట. 2020 మార్చి 23న నిఫ్టీ 13 శాతము పడినదని, ఉదయమే 10 శాతము పడగానే 45 నిమిషములు బేరములు ఆపినారని, కరోనా కాలము చూచిన ప్రతివానికి తెలియును. ఆ నెలను రీప్లేలో పెట్టుకొని అమ్మి గెలిచితినని చెప్పువాడు, ముందు జవాబుపత్రము చూచి పరీక్ష వ్రాసినవాడు. దీనికి ఉపాయము ఒకటి కలదు. స్నేహితుని చేత షేరును, తేదీని ఎన్నించి, పేరును తేదీని కాగితముతో కప్పించి ఆడవలెను. దీనికంటె చెడ్డది వెనుకకు త్రిప్పెడి మీట. ఓడిన వెంటనే గీతలను వెనుకకు జరిపి మరల ఆడుదురు. ఓటమి లెక్కలో చేరదు. ఆ మీటను ముట్టినవాని నోటుపుస్తకము నేను చూడను. కఠినముగా నున్నదని కొందరు అలిగిరి. అలుగనిండు.

రెండవది, తెర మీది ధరకు మన సరుకు అమ్ముడుపోవునను భ్రమ. దీనికి తెలుగువారికి తెలిసిన ఉదాహరణమే చెప్పెదను. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ కంపెనీని మనవారందరు గర్వముతో చెప్పుకొనెడివారు. 2009 జనవరి 7న ఆ కంపెనీ అధిపతి రామలింగరాజుగారు, లెక్కలలో లేని ధనమును ఉన్నట్లు చూపితిమని స్వయముగా లేఖ వ్రాసిరి. ముందటి దినము 179 రూపాయల చిల్లర ధర పలికిన షేరు ఆ సాయంకాలమునకు 39.95 వద్ద ముగిసెను. ఒక్క దినములో నూటికి 77కు పైగా పోయెను. 170 వద్ద స్టాప్‌లాస్ పెట్టుకొనిన జాగ్రత్తపరుడు ఒకడున్నాడనుకొందము. చాల రీప్లేలలో అతనికి 170 వచ్చినట్లే చూపును. నిజముగా ఆనాడు అందరును అమ్ముటకే నిలిచినప్పుడు, ఆ ధరకు కొనుటకు ఎవరున్నారు? స్టాప్‌లాస్ అనునది తలుపు కాదు, తలుపు వైపు పరుగెత్తుమని కేక. ఇరుకు తలుపులో నూరుమంది ఒక్కసారి పడినచో ఏమగునో గని ప్రాంతమువారికి నేను చెప్పనక్కరలేదు. ఇంకొక చిక్కు కలదు. సత్యం 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయినది. నేడున్న షేర్ల పట్టికనుండి ఏరికొని అభ్యసించువానికి ఆ పేరు కనబడదు. చచ్చినవారు పట్టికలో లేకపోవుటచేత బజారంతయు ఆయురారోగ్యములతో నున్నట్లు తోచును.

మూడవది, బజారే నిలిచిపోవుట. 2021 ఫిబ్రవరి 24న సాంకేతిక లోపముచేత ఎన్.ఎస్.ఇ.లో ఉదయము 11.40కి బేరములు ఆగినవి. మరల సాయంకాలము 3.45కు తెరచి 5 గంటలవరకు నడిపిరి. రీప్లేలో ఆ నాలుగు గంటలు రెప్పపాటులో దాటిపోవును. బేరము చేతిలో పెట్టుకొని, బయటపడు దారి లేక కూర్చుండినవానికి అది రెప్పపాటు కాదు. 2020 ఏప్రిల్ 20న అమెరికాలో ముడినూనె ధర సున్నకు క్రిందికి దిగినది, ఇచ్చట ఎం.సి.ఎక్స్.లో ఆ కాంట్రాక్టును పీపాకు మైనస్ 2,884 రూపాయలకు పరిష్కరించిరి. సరుకు కొన్నవాడే మరల ఎదురు డబ్బు ఇచ్చుకొనవలసి వచ్చెను. ధర సున్నకు తగ్గదు గదా అనుకొని కొన్నవారికి, అంతకుముందటి ఏ రీప్లేయు ఆ సంగతి చూపియుండదు. జరిగినదే రీప్లేలో నుండును; జరుగబోవునది ఉండదు.

నాలుగవది భయము. మన వీధిలో ఒక కుర్రవాడున్నాడు. తెలివైనవాడు, బెంగళూరులో చిన్న ఉద్యోగము. ఎనిమిది నెలలు రీప్లే ఆడెను, నోటుపుస్తకము కూడ వ్రాసెను. ఖర్చులు పోగా లాభమే. పిమ్మట తల్లి గొలుసు కుదువపెట్టి 80,000తో నిజముగా దిగెను. ఆరు వారములలో 52,000 పోయెను. నేను రెండు నోటుపుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి చూచితిని. పద్ధతి ఒక్కటే, కాని రెండవదానిలో లాభము కొంచెము కనబడగానే అమ్మివేసెను, నష్టమును మాత్రము పట్టుకొని కూర్చుండెను. ఏమిరా ఇది అని అడిగితిని. “మామా, రీప్లేలో చెయ్యి వణకదు” అనెను. వాని మాటలో సంగతి అంతయు ఉన్నది. ఆ చెయ్యి వణకినది వాని పిరికితనముచేత కాదు. ఆ సొమ్మునకు నెలనెల వడ్డీ పెరుగుచున్నది. ఇంటికి రాగానే తల్లి మెడ బోసిగా కనబడుచున్నది. అట్టి సొమ్ముతో ఏ పద్ధతియు నడువదు. లింకు యంత్రములో నేర్చిన వైమానికుని మొదటిసారియే ప్రయాణికులతో నిండిన విమానమెక్కించి తుఫానులోనికి పంపరు.

అలవాటుచేత అదే వచ్చునులే అని కొందరు అందురు. బ్రెజిల్ దేశములో పండితులు దీనినే పరిశీలించిరి. 2013 నుండి 2015 వరకు అక్కడ ఫ్యూచర్లలో ఏనాటి బేరము ఆనాడే ముగించెడి వ్యాపారమునకు క్రొత్తగా దిగినవారిని చూడగా, 300 దినములకు మించి విడువక కొనసాగినవారిలో నూటికి 97 మంది నష్టపోయిరి. దినములు గడచినకొలది నేర్పు పెరిగినట్లు వారికి కనబడలేదు. వంద బేరములు చేసి ఏది ఎందుకు జరిగెనో చూచుకొననివానికి వందసార్లు ఒకే పాఠము చెప్పినట్లే.

ఇంతవరకు వినినవారు రీప్లే వలదని నేను చెప్పుచున్నానని తలపవచ్చును. కాదు. ఎవరికి పనికివచ్చునో ఇప్పుడు చెప్పెదను. అంగడి నడుపువారికి పనికివచ్చును. జూదమునకు కాదు, ఉన్న సరుకును కాచుకొనుటకు.

బంగారపు గనుల ఊరిలో బంగారము సంగతియే చూతము. 2024 జూలై 23న కేంద్ర బడ్జెటులో బంగారముపై దిగుమతి సుంకమును 15 శాతమునుండి 6 శాతమునకు తగ్గించిరి. ఆ దినమే ఎం.సి.ఎక్స్.లో 10 గ్రాములకు సుమారు 4,000 రూపాయలు పడెను. 500 గ్రాముల నిలువ ఉన్న నగల వర్తకునికి ఆర్థికమంత్రి ప్రసంగము ముగియులోపల 2 లక్షలు తరుగు. అతడు ముందే ఎం.సి.ఎక్స్.లో 100 గ్రాముల గోల్డ్ మినీ కాంట్రాక్టులు 5 అమ్మియుండినచో, అచ్చట వచ్చిన లాభముతో ఇచ్చటి తరుగు చాలవరకు పూడియుండును. ఇంతకంటె చిన్నవి కూడ కలవు. 8 గ్రాముల గినియా, 1 గ్రాము పెటల్. చిన్న అంగడివారు కూడ వీనితో లెక్క చూచుకొనవచ్చును. ఆ దినమును రీప్లేలో పెట్టుకొని, ఒక ప్రక్క సరుకు ధర, మరియొక ప్రక్క అమ్మిన కాంట్రాక్టు ధర వ్రాసి చూచిన వర్తకునికి ఒక గంటలో తెలియునది పుస్తకములో ఒక నెలకు తెలియదు.

కాని అక్కడితో ఆపిన యెడల సగము పాఠమే. అదే వర్తకుడు ఆ పడిపోయిన ధరకు కాంట్రాక్టులు అమ్మి, గడువు వచ్చినప్పుడెల్ల తరువాతి నెలకు మార్చుకొనుచు కూర్చుండెననుకొనుడు. బంగారము పెరుగుచు పోయి, 2025 ఏప్రిలులో చిల్లర బజారున 10 గ్రాములు 1 లక్షను తాకెను. 10 గ్రాములకు 25,000 పెరుగుదల అని తక్కువగానే వేసికొనినను, 500 గ్రాములకు 12 లక్షల 50 వేలు. అంగడిలోని సరుకు విలువ అంతే పెరిగినది, నిజమే. కాని అది పెట్టెలో నున్న నగ. కాంట్రాక్టు నష్టమును మాత్రము ఏ రోజుది ఆ రోజు రొక్కముగా కట్టవలెను. కట్టలేనివాని బేరమును బ్రోకరు తానే తెంచివేయును. అప్పుడు నష్టము మిగులును, కాపుదల పోవును. రీప్లేలో ఎవరును రాత్రి ఫోను చేసి రొక్కము కట్టుమనరు. కనుక బంగారపు అంగళ్ల సోదరులు దీనిని అభ్యసించునప్పుడు నోటుపుస్తకములో “నేడు కట్టవలసిన రొక్కము” అని ఒక వరుస చేర్చి, ఆ సొమ్ము ఎవరివద్దనుండి తెత్తురో పేరుతో సహా వ్రాయుడు. పేరు వ్రాయలేని దినమున బేరము ముగిసినట్లే. నా ఎరుకలో ఇంతకంటె ఉపయోగకరమైన రీప్లే వేరొకటి లేదు.

మోసముల సంగతి త్వరగా చెప్పి ముగించెదను, పోలీసువారు చెప్పుచునే యున్నారు గనుక. ఉత్తుత్తి బేరముల ఆటలు పెట్టి, ప్రవేశ రుసుము తీసికొని బహుమానములిచ్చెడి యాప్‌లనుగూర్చి జాగ్రత్తపడుడని సెబీ 2024 నవంబరులో హెచ్చరించినది. 2025 జనవరి 29నాటి సర్క్యులరులో, పాఠములు మాత్రమే చెప్పెడివారు కడచిన మూడు నెలల ధరలను పాఠములలో వాడరాదని చెప్పినది. ఎందుకనగా, నేటి ధర చూపుచు “ఇది పాఠము మాత్రమే” అనెడివాడు పాఠము పేరుతో సలహా అమ్ముచున్నాడు. వాట్సాప్ గుంపులలో వచ్చెడి కొన్ని యాప్‌లైతే అసలు బజారుతో సంబంధము లేనివే. మీరు వేసిన సొమ్ము వాని జేబులోనికి, తెర మీద మాత్రము లాభము. ఇదియు క్రొత్తది కాదు. నూరేండ్ల క్రిందట అమెరికాలో బకెట్ షాపులని యుండెడివి. షేరు కొనినట్లు చీటి యిచ్చి, ఏమియు కొనక పందెము కాచెడివి. మనదేశములో దానికే డబ్బా వ్యాపారమని పేరు, అది నేరము. మంచి రీప్లేకును దొంగ యాప్‌కును ఒక తేడా సులభముగా చెప్పవచ్చును: రీప్లే మీ సొమ్మును డిపాజిటు చేయుమని ఎన్నడు అడుగదు.

కంప్యూటరు లేనివారు, నావలె ఫోను గీతలు చూచిన కండ్లు నొచ్చెడివారు, కాగితముతోనే ఈ సాధన చేయవచ్చును. కొన్ని ఆదివారములుగా మేము కొందరము చేయుచున్నాము. కోలారు మండీ టొమాటో ధరలను రాష్ట్ర మార్కెటింగు శాఖవారు ప్రతిదినము ప్రకటింతురు. పాత ధరలను చీటీల మీద వ్రాసి ఒకరు పట్టుకొందురు. దినమునకొక చీటి చదువుదురు: ఎంత సరుకు వచ్చినది, కనిష్ఠ ధర ఎంత, గరిష్ఠ ధర ఎంత. ప్రతివానికి ఉత్తుత్తిగా 1 లక్ష రూపాయలు. తరువాతి చీటి చదువకముందే కొనుగోలు, అమ్మకము వ్రాసి మడచి ఇయ్యవలెను. కమీషను, హమాలీ, లారీ బాడుగ తీసివేయుదుము. నాలుగు దినములలో అమ్మని సరుకు కుళ్లినట్లే లెక్క. షేర్లలో ఈ నియమము లేకపోవుటచేతనే పిల్లలు నష్టమును పట్టుకొని కూర్చుందురని నా అభిప్రాయము.

2023 జూలై చీటీలతో ఆడినప్పుడు అందరు గెలిచిరి. 15 కిలోల పెట్టె 2,000 రూపాయలు దాటిన కాలమది, కొన్నవాడెల్ల వర్తకుడే. అందరును మేధావులమని పొంగిపోయిరి. మరుసటి వారము ఆగస్టు, సెప్టెంబరు చీటీలు తెచ్చితిని. ధర దిగుచున్నకొలది “మళ్లీ లేస్తుంది” అని కొనుచునే పోయిరి. ధర నేలబట్టినప్పుడు ఏడుగురిలో అయిదుగురి లక్ష ముప్పాతిక కరిగిపోయినది. మిగిలిన ఇద్దరిలో ఒకరు కూరగాయల అంగడి నడిపెడి మన పెద్దమ్మగారు. ఆమె పదిహేను చీటీలలో పదకొండింటికి ఏమియు కొనలేదు. ఎందుకు కొనలేదమ్మా అని పిల్లలు అడుగగా, “అంత సరుకు వస్తా ఉంటే నేనెందుకు కొంటానప్పా” అనెను. ధర ప్రక్కన వచ్చిన సరుకు లెక్కను చూచినది ఆమె ఒక్కతెయే. మిగిలినవారందరు ధరనే చూచిరి. ఆనాటినుండి మా ఆటలో సరుకు లెక్కను ముందు, ధరను తరువాత చదువుచున్నాము.

సంఘము తరఫున నా కోరికలు రెండే. కనీసము 200 బేరముల నోటుపుస్తకము, ఖర్చులతో సహా, వెనుకకు త్రిప్పని లెక్కతో, చూపనివానికి ఏ తల్లియు ఏ తండ్రియు సొమ్ము ఇయ్యవద్దు. చూపినవానికి కూడ, పోయినను ఇంటిలో పొయ్యి ఆరని సొమ్ము మాత్రమే, వాని స్వంత సంపాదనలోనుండి మాత్రమే. అప్పుచేసిన సొమ్ము, కుదువసొమ్ము, పెండ్లికని దాచిన సొమ్ము దీనిలోనికి రాకూడదు. ఇది మా వర్తకులలోనే కొందరికి నచ్చదని నాకు తెలియును; అప్పు లేనిది వ్యాపారమెక్కడిదని అందురు. సరుకు మీద అప్పు వేరు, ధర మీద అప్పు వేరు.

రాబోవు ఆదివారము సాయంకాలము 5 గంటలకు ఈ మందిరములోనే కూడుదము. ఫోను ఇంటివద్ద పెట్టి, నోటుపుస్తకము, పెన్సిలు తెండు. మొదటి గంట 2024 జూలై బంగారపు ధరలు. నగల అంగళ్ల సోదరులు తప్పక రావలెను. రెండవ గంట టొమాటో. ఈసారి ఏ సంవత్సరపు చీటీలో ముందు చెప్పను. పెద్దమ్మగారు వత్తునని మాట యిచ్చియున్నారు.